వైదేహి ఆఖరి కట్ట

సామర్లకోట,
9 జూన్ 2024

మరిదిగారికి ఆశీస్సులు.

ఫోన్ చేస్తే మీరు "ఆఁ, బాగానే ఉన్నాను వదినా" అంటారు. ఆ తర్వాత అవతల మీ ఇంట్లో ఫ్యాను తిరిగే చప్పుడు వింటూ కూర్చుంటాను. మొన్న మీ తోడల్లుడుగారు "ఏమంటాడు శశిభూషణ్?" అని అడిగితే "ఫ్యాను బాగానే తిరుగుతోందట" అన్నాను. అందుకే ఈ ఉత్తరం. సర్వీసంతా పిల్లల చేత లేఖలు రాయించిన టీచర్ని. నాకెవరూ ఒక్కటీ రాయలేదు. మీరైనా రాయండి.

మా వైదేహి కర్మ అయ్యాక నెల రోజులు మీ దగ్గర ఉన్నాను. ఇల్లంతా దులిపి, సర్ది, కందిపొడి కొట్టి పెట్టి వచ్చాను. అప్పటి వరకూ బాగానే మాట్లాడేవారు. నేను వచ్చేశాకే మీ గొంతు మారింది. చెల్లెలి చీరలు రెండు తెచ్చుకున్నానని మనసులో ఏమైనా ఉందా? ఉంటే చెప్పండి, తిరుగు పోస్టులో పంపేస్తాను. ఒకటి ఇంకా కట్టలేదు. రెండోది కట్టాను గానీ ఉతికించాను.

అది పనిచేసిన లైబ్రరీ వాళ్ళు పలకరిస్తున్నారా? క్యాంపస్‌లో ఆ పాత మేడ నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. కింద మొక్కల పుస్తకాలు, మందుల పుస్తకాలు. పైన మ్యూజియం. గాజు సీసాలు, విత్తనాలు, మందు గోళీలు చుట్టే చెక్క మర. మా నాన్నగారు మందులు నూరిన కల్వం కూడా వైదేహి అక్కడే పెట్టింది కదా. ఆయన వైద్యుడని పలక మీద రాయించి, నన్ను దాని పక్కన నిలబెట్టి ఫోటో తీసింది. ఇటు పక్క గడ్డి కూరిన అలుగు, ఒళ్ళంతా పొలుసులుండే ఆ జంతువు. ఫోటోలో నేనూ అలుగూ ఒకేలా బెదిరిపోయి చూస్తున్నామని మీ తోడల్లుడుగారి వేళాకోళం.

ఏం తింటున్నారో రాయండి. అబద్ధం రాయకండి.

మీ వదిన,
పద్మావతి

---

తార్నాక,
18 జూన్ 2024

వదినగారికి నమస్కారం.

ఉత్తరం అందింది. కోపం లేదు. చీరలు మీవే.

పొద్దున హబ్సిగూడలో ఇడ్లీ తింటాను. మధ్యాహ్నం వండుకుంటాను. రాత్రికి మిగిలింది తింటాను. కందిపొడి అయిపోయింది.

రోజూ లైబ్రరీకి వెళ్తున్నాను. అక్కడ పని ఉంది. బీరువాల్లో ఉన్న ఎండు మొక్కలన్నిటికీ ఫోటోలు తీస్తున్నారు. ఒక్కో మొక్కా ఒక అట్టకి అంటించి ఉంటుంది. వాటిలో వైదేహి సేకరించినవే ఎక్కువ. నేను కెమిస్ట్రీ వాణ్ణి, మొక్కలు తెలియవు. అట్టలు తీసి ఇస్తాను, ఫోటో అయ్యాక లోపల పెడతాను. ఆమె తర్వాత లైబ్రరీ చూస్తున్న అమ్మాయి పేరు రాహేలు. మీరు కర్మ రోజున చూశారు. వైదేహి కుర్చీలో కూర్చోమంది. కూర్చోలేదు. స్టూలు తెచ్చుకున్నాను.

దసరాతో ఈ పని ముగుస్తుంది. తర్వాత వచ్చిన మొక్కలు తీసుకోరు.

ఒక మాట. వైదేహి మంచం కింద రెండు జాలీ చెక్కలు బెల్టులతో బిగించి ఉండేవి. మధ్యలో పాత పేపర్ల కట్ట. చెక్కలు ఇప్పుడు గోడకు చేరవేసి ఉన్నాయి. కట్ట మీరు చూశారా? గుర్తు లేకపోతే పర్వాలేదు.

శశిభూషణ్

---

సామర్లకోట,
27 జూన్ 2024

మరిదిగారికి ఆశీస్సులు.

ఆరు నెలల కందిపొడి రెండు నెలల్లో అయిపోయిందంటే మీరు వండుకునేది ఏమిటో తెలిసింది. అన్నం, కందిపొడి. మళ్ళీ కొట్టి పంపిస్తున్నాను. ఈసారి కూర కూడా చేసుకోండి.

కుర్చీలో ఎందుకు కూర్చోలేదు? వైదేహి ఉంటే "లేవండి, అది నాది" అనేది. ఇప్పుడు అనేవాళ్ళు లేరని కూర్చోలేదా? సరే, నేనేమీ అనను.

చెక్కలంటారా, వాటి మీద దుమ్ము వేలెడు మందం. తడిగుడ్డతో తుడిచి ఎండబెట్టి గోడకి చేరవేశాను. పాత పేపర్లన్నీ వీధిలోకి వచ్చినతనికి వేసేశాను. బాల్కనీలోవీ, మంచం కిందవీ అన్నీ. "ఎన్ని పేపర్లమ్మా, మీ ఇంట్ల అందరూ పేపరే తింటరా?" అన్నాడు వాడు. ఎందుకడిగారు? అందులో కాగితాలేవైనా ఉన్నాయా? ఇంటి పత్రాలు బీరువాలోనే ఉన్నాయి, నేను ముట్టుకోలేదు.

ఇక్కడ కాలువకి నీళ్ళు వదిలారు. చెల్లిని తలుచుకున్నాను.

పద్మావతి

---

తార్నాక,
6 జూలై 2024

వదినగారికి నమస్కారం.

ఇంటి పత్రాలు భద్రంగా ఉన్నాయి. పేపర్ల సంగతి ఊరికే అడిగాను. మీరు ఆలోచించకండి.

కందిపొడి అందింది. బీరకాయ కూర చేశాను. కాస్త అడుగంటింది.

ఈ నెల ముషీరాబాద్, గోల్నాక వైపు పని ఉంది. ఉత్తరం ఆలస్యమైతే కంగారు పడకండి.

శశిభూషణ్

---

సామర్లకోట,
28 జూలై 2024

మరిదిగారికి,

ఆశీస్సులు రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తున్నాను, ఆశీస్సులు.

మా పిన్ని కూతురు బాలలక్ష్మి హబ్సిగూడలో ఉంటుంది, మీకు తెలుసు. నిన్న ఫోన్ చేసింది. "పద్మక్కా, మీ మరిదికి డబ్బుకేమైనా ఇబ్బందా?" అంది. లేదే, పెన్షన్ వస్తుంది కదా అన్నాను. "మరి ముషీరాబాద్‌లో పాత పుస్తకాల గోడౌన్‌లో బస్తాల మధ్య కూర్చుని ఉన్నారే! చొక్కా అంతా మసి. నేను ఆటోలోంచి పిలిచినా పలకలేదు. వైదేహి పుస్తకాలు తూకానికి వేసేస్తున్నారేమోనే" అంది.

దాని నోరు మూయించాను. కానీ ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. పని ఉందని మీరే రాశారు. ఏం పనో రాయలేదు. పేపర్ల గురించి ఎందుకు అడిగారో చెప్పలేదు. నాకు చెప్పకుండా చేసే పని ఏమై ఉంటుంది?

మరిదిగారూ, ఆ పుస్తకాలు అది కడుపు కట్టుకుని కొన్నవి. ఇంట్లో వాటిని చూడలేకపోతే చెప్పండి. లారీ మాట్లాడుకుని వచ్చి తెచ్చుకుంటాను. మా ఇంట్లో ముందు గది ఖాళీ చేయిస్తాను. తూకానికి మాత్రం వేయకండి. ఇంత అడిగే హక్కు నాకుందనుకుంటాను. లేదంటే అదీ చెప్పండి.

పద్మావతి

---

తార్నాక,
5 ఆగస్టు 2024

వదినగారికి నమస్కారం.

పుస్తకాలు అమ్మలేదు. ఒక్కటి కూడా.

బాలలక్ష్మిగారు చూసింది నిజం. పిలిచినట్టు వినిపించలేదు, క్షమించమనండి. పని ఉండి వెళ్ళాను. ఏం పనో చెప్పలేను. చెప్పకపోవడం మీ మీద నమ్మకం లేక కాదు.

మీకు హక్కు ఉంది.

శశిభూషణ్

---

సామర్లకోట,
12 ఆగస్టు 2024

మరిదిగారికి ఆశీస్సులు.

మీ ఉత్తరం చదివి, ఈయన చెప్పలేడు, చెప్పగలిగేవాళ్ళని అడుగుదామనుకున్నాను. కర్మ రోజున రాహేలు నాకు నంబరు ఇచ్చింది. చేశాను.

"నేను వైదేహి అక్కనమ్మా. మీ సార్ పుస్తకాలు అమ్ముతున్నారా?" అని సూటిగా అడిగేశాను.

"అయ్యో అమ్మా, పుస్తకాలు అమ్ముడేంది? సార్ మేడమ్ ఆఖరి కట్ట కోసం తిరుగుతుండు" అంది.

"ఏం కట్ట?"

"మేడమ్ పోయిన కార్తీకంల మీ ఊరికొచ్చి మొక్కలు కోసుకొచ్చింది గద. పాత పేపర్ల మధ్యన పెట్టి చెక్కల్ల బిగిచ్చి ఆరబెట్టింది. అంతల్నే పానం బాగలేకుండా అయింది. ఆ కట్ట పాత పేపర్లల్ల పోయింది. దసరా లోపల దొరకకుంటే ఇగ మేడమ్ పేరు మీద అవి ఎక్కయి."

"ఎవరు వేశారు పేపర్లు?"

"సార్ని అడిగిన. 'నేనే, చూసుకోలేదు' అన్నడు. పాపం, నేను గూడ జర గట్టిగనే అన్న సార్‌ని. ఏంది సార్, గిట్ల చేస్తరా అని."

మరిదిగారూ, నేను చేసిన పనికి ఆ పిల్ల చేత మీరు మాట పడ్డారు. నేను మీకు లారీ తెస్తానని రాశాను. ఇంక ఏ మొహం పెట్టుకుని ఆ గడప తొక్కను? తొక్కను. బతికున్నన్నాళ్ళూ తొక్కను.

కానీ ఒకటి రాయాలి, జాగ్రత్తగా చదవండి. పేపర్లు వేశాను. ఆకులు వేయలేదు.

చెక్కలు విప్పగానే ఎండుటాకులు కనిపించాయి. మా నాన్నగారింట్లో దూలానికి అలాగే మూలికలు వేలాడుతుండేవి. వైదేహి కూడా మందుకి దాచుకుందనుకున్నాను. ఈ మాసిన పేపర్లలో ఎందుకు పెట్టిందో, పురుగు పడుతుంది కదా అని, తెల్లగుడ్డ చింపి దేనికది విడిగా మూటలు కట్టాను. ఒక మూలికలో ఇంకోటి కలిస్తే నాన్నగారు చెయ్యి మీద కొట్టేవారు. మీకు వాటితో పనేముందని నాతో తెచ్చేసుకున్నాను. మా వంటింటి అటక మీద డబ్బాలో ఉన్నాయి. ఇప్పుడే దింపి చూశాను. ఉన్నాయి.

ఒకటి తప్ప. అది నేలవేము. చైత్రంలో నాకు జ్వరం వస్తే కషాయం కాచుకుని తాగేశాను. తగ్గింది కూడా.

మీరు ఒక్క మాట, "వదినా, అందులో ఆకులున్నాయా" అని అడిగి ఉంటే ఆ గోడౌన్లు తిరిగే పని ఉండేది కాదు. నా మనసు నొచ్చుకుంటుందని అడగలేదు. నాకు తెలుసు. మీకు బుద్ధి లేదు. పెద్దదాన్ని కాబట్టి అంటున్నాను.

పద్మావతి

---

తార్నాక,
19 ఆగస్టు 2024

వదినగారికి నమస్కారం.

నిజమే, బుద్ధి లేదు.

మూటలు విప్పకండి. డబ్బా మీద బరువు పెట్టకండి. విరిగినా పర్వాలేదు, విరిగిన ముక్కలు చిన్న కవరులో పెట్టి అదే అట్టకి అంటిస్తారు. ఎవరైనా హైదరాబాద్ వస్తుంటే చేతికిచ్చి పంపండి. పార్సిల్ వద్దు.

మీరు అడిగారు కాబట్టి గోల్నాక సంగతి రాస్తాను. మన వీధికి వచ్చే అతను కాగితాలు ముషీరాబాద్‌లో వేస్తాడు. అక్కణ్ణుంచి కొన్ని గోల్నాక వెళ్తాయి. అక్కడ గోడౌన్ పరశురాం అనే ఆయనది. "మార్చిల వేసిన పేపరు జులైల ఏడ దొరుకుతది సార్? మా దగ్గరికొచ్చినంక రెండు దినాల్ల మిల్లుకు పోతది" అన్నాడు. అయినా వెతుక్కోమన్నాడు. రెండోసారి వెళ్తే కుర్చీ వేశాడు. మూడోసారి చాయ్ ఇచ్చి "మీ ఇంటామెవా సార్?" అని అడిగాడు. అవునన్నాను. ఆ తర్వాత ఆయనా నాతో పాటు కూర్చుని బస్తాలు విప్పాడు. ఏమీ దొరకలేదు.

నేను ఆకుల కోసమే తిరిగానని రాహేలు అనుకుంది. పేపర్ల అంచుల మీద పెన్సిల్‌తో ఆమె రాసుకున్నవి ఉండేవి. సరే. అవి పోయాయి.

ఇప్పుడు ఇబ్బంది అదే. మొక్క ఏదో రాహేలు చూసి చెప్పగలదు. కానీ ఎక్కడ కోశారు, ఎప్పుడు కోశారు అన్నది లేకపోతే ఆ మొక్కను లైబ్రరీ తీసుకోదు. ఊరూ తేదీ లేని మొక్క గడ్డితో సమానమని వైదేహి అనేది. ఆ వివరాలు మామూలుగా పుస్తకంలో ఎక్కించేది. ఈసారి నీరసం వల్ల పేపరు అంచునే రాసి ఊరుకుంది. పుస్తకంలో ఆ మొక్కల నంబర్లు మాత్రం వేసి ఉన్నాయి, వాటి ఎదుట అంతా ఖాళీ.

ఆ రోజు మీరు పక్కన ఉన్నారు. మీకు గుర్తున్నంత వరకు రాయండి. ఊహించి రాయకండి.

గడప సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

శశిభూషణ్

---

సామర్లకోట,
8 సెప్టెంబర్ 2024

మరిదిగారికి ఆశీస్సులు.

మూటల డబ్బా కిట్టు చేత పంపిస్తున్నాను. మా ఎదురింటి వాళ్ళ అల్లుడు, సికింద్రాబాద్‌లో రైల్వే ఉద్యోగం. ఒళ్ళోంచి దించవద్దని చెప్పాను. "బాంబా అండీ?" అన్నాడు. "అంతకంటే ఎక్కువ" అన్నాను.

తేదీ గురించి అనుమానం లేదు. అది కార్తీకం రెండో సోమవారం. నాకు ఉపవాసం. భీమేశ్వరుడి దర్శనం చేసుకుని, ఎండ ఎక్కకుండా కాలువ గట్టు పట్టుకున్నాం. పోయిన వారం మీ తోడల్లుడుగారిని వెంటేసుకుని మళ్ళీ అదే దారిన నడిచాను. ఆయనకి మోకాళ్ళ నొప్పి, నాకు పట్టుదల.

గుడి దాటగానే గట్టు పక్కన ఉత్తరేణి కోసింది. అది చీరకి పట్టుకుంటే "ఇది మనల్నే కోసుకుంది" అంది. లాకుల దగ్గర, నీళ్ళు తగిలే చోట, గుంటగలగర. దాని పక్కనే ముళ్ళున్న నీరుగొబ్బి. అది నేను కోశాను, వైదేహికి వంగితే ఆయాసం వచ్చింది. లాకుల గోడ మీద కూర్చోబెట్టి నీళ్ళు తాగించాను. "డాక్టరుకి చూపించావా?" అంటే "ఈ మొక్కలు ఆరనీ అక్కా, చూపిస్తా" అంది. ఆ మాట మీకు ఇప్పటి దాకా చెప్పలేదు. ఇంటికొచ్చాక మీతో చెప్పిందనుకున్నాను. చెప్పలేదు కదా? నాకు తెలుసు, చెప్పి ఉండదు.

రైలు గేటు అవతల, చింతచెట్టు నీడన, నేలవేము. అదే నేను తాగింది.

ఇంక సన్న తీగ ఒకటి ఉంది, తెల్లటి చిన్న పూలది. అది ఎక్కడ కోసిందో నాకు తట్టడం లేదు. గుడి వెనకా, గేటు దగ్గరా రెండు చోట్లా ఉంది అది. మీ తోడల్లుడుగారు "ఏదో ఒకటి రాసెయ్యవే, మొక్క వచ్చి సాక్ష్యం చెప్తుందా?" అన్నారు. నిజం చెప్పొద్దూ, కలం పెట్టాను. గుడి వెనక అని సగం రాసి కొట్టేశాను. నాకు గుర్తు లేదు. దాన్ని తీసుకోకపోతే అది నా పాపమే.

చివరిగా ఒక కోరిక. అదే చింతచెట్టు కింద నేలవేము పూత మీద ఉంది. ఒక మొక్క వేళ్ళతో తీశాను. ఆ రోజు పేపరులోనే పెట్టి, పీటల మధ్య ఉంచి, పైన రోలు ఎత్తించాను. రోజూ పేపరు మారుస్తున్నాను. ఆరాక పంపుతాను. అదే చోటు, అదే మొక్క. చెల్లి పేరు మీదే వేయించండి. నేను తాగేసిన నంబరు దీనితో పూడిపోతుంది. ఎవరికీ తెలియాల్సిన పని లేదు. వైదేహికి నేను చేయగలిగింది ఇంతే.

మీ వదిన,
పద్మావతి

---

తార్నాక,
1 అక్టోబర్ 2024

వదినగారికి నమస్కారం.

కిట్టు డబ్బా ఒళ్ళోనే తెచ్చాడు. నేలవేము కూడా అందింది. రోలు బాగా పనిచేసింది. ఇంత చదునుగా తనకే ఆరవని రాహేలు అంది.

లాకుల మీద వైదేహి అన్న మాట రాశారు. నాతో చెప్పలేదు. చెప్పి ఉంటే తీసుకెళ్ళేవాణ్ణి. మీరు రాయడం మంచిదైంది.

నిన్న అట్టలన్నీ అంటించాం. జిగురు నేను కలిపాను. ఆకు కింద పూయడం రాహేలు నేర్పింది. ఉత్తరేణి గింజలు చొక్కాకి పట్టుకున్నాయి, ఏరి మళ్ళీ కవరులో వేశాను. ప్రతి చీటీ మీద సేకరించినవారు వైదేహి అనీ, చోటు వెంట ఉన్న అక్క పద్మావతి చెప్పిన ప్రకారం అనీ రాయించాను. నీరుగొబ్బికి ఇద్దరి పేర్లూ వేశాం. కోసింది మీరు.

తీగకి చోటు ఖాళీగా వదిలాం. ఊరూ తేదీ ఉన్నాయి కాబట్టి తీసుకున్నారు. అది మీ పాపం కాదు. మీరు కొట్టేసిన సగం వాక్యం చూపిస్తే రాహేలు "సార్, అమ్మ మన దగ్గర కొలువు చేస్తదా అడుగుండ్రి" అంది.

నేలవేము విషయంలో మీ కోరిక తీర్చలేను.

వదినగారూ, మొక్కలు సేకరించేవాళ్ళకి ఎవరి నంబర్లు వాళ్ళవి. మొదట కోసిన మొక్క ఒకటి. అక్కణ్ణుంచి జీవితమంతా వరసగా వెళ్తాయి. వైదేహి ఒకటో నంబరు మొక్క బీరువాలో ఉంది, పెళ్ళికి ముందుది, ఈ క్యాంపస్‌లోనే కోసింది. ఆఖరి నంబరు ఆ సోమవారానిది. ఆ తర్వాత ఆమె ఏదీ కోయలేదు. ఇంకొకరు కోసిన దాని మీద ఆమె పేరు వేస్తే అబద్ధమవుతుంది. నాకూ వేయాలనే ఉంది. చీటీ ఎదురుగా పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వేయలేదు.

మీరు తాగిన నంబరు ఎదుట 'నమూనా లేదు' అని రాశాం. "కారణం రాయమంటరా సార్?" అని రాహేలు అడిగింది. వద్దన్నాను. చాలాసేపు నవ్వింది. నేనూ నవ్వాను.

ఇప్పుడు పంపిన నేలవేముకి సేకరించినవారు పద్మావతి. నంబరు ఒకటి.

ఒకటో నంబరు ఇచ్చినవాళ్ళు లైబ్రరీ రిజిస్టరులో స్వయంగా సంతకం చేయడం ఇక్కడి పద్ధతి. దసరా లోపల చేయాలి. రాహేలు పేజీ పోస్టులో పంపుతానంది. రిజిస్టరు బయటికి వెళ్ళకూడదని నేను అడ్డం చెప్పాను. అలాంటి నియమం ఏదీ లేదు.

గౌతమిలో మీ ఇద్దరికీ బెర్తులు చేయించాను, ఎనిమిదో తేదీ రాత్రికి. కింది బెర్తులు. తొమ్మిదో తేదీ పొద్దున స్టేషన్‌కి వస్తాను. మీ గది తుడిపించాను.

శశిభూషణ్